ఫీజు గడువు కంటే ముందు

(ఇంటర్మీడియట్ పూర్తిచేసిన విద్యార్థుల తల్లిదండ్రుల కోసం ఖమ్మంలో ఒక మస్జిద్ కమిటీ ఏర్పాటు చేసిన సదస్సులో విశ్రాంత జూనియర్ కళాశాల అధ్యాపకులొకరు చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు గణితం చెప్పాను. పదవీ విరమణ తరువాత నాకు మిగిలిన పని ఒక్కటే. ప్రతి సంవత్సరం ప్రవేశాల కాలంలో మా ఇంటి తలుపు తట్టే తండ్రులతో కూర్చుని కాగితాలు చూడటం. వచ్చే ప్రతి తండ్రి చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంటుంది. అందులో బిడ్డ మార్కుల పత్రాలు, ఆధార్ కార్డు, సీటు కేటాయింపు పత్రం ఉంటాయి. "సార్, ఎల్లుండి ఆఖరు తేదీ, ఏం చేయమంటారు?" అన్నది మొదటి మాట. ఆ మాట వినగానే నా మనసు బరువెక్కుతుంది. ఎల్లుండి ఆఖరు తేదీ అయితే, చేయవలసిన పనిలో సగానికి గడువు అప్పటికే దాటిపోయి ఉంటుంది.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే. మన పిల్లల చదువు డబ్బు లేకనే ఆగిపోతున్నదని మనం అనుకుంటాం. అది నిజమే, కానీ పూర్తి నిజం కాదు. సహాయం ఉండి కూడా, దాని సంగతి సమయానికి తెలియక ఆగిపోయిన చదువులను నేను ఎన్నో చూశాను. అలాంటి ఒక చదువు విషయంలో నా తప్పు కూడా ఉంది. ముందుగా దాన్ని మీ ముందు ఒప్పుకుంటాను.

మా మస్జిద్‌లో నా పక్కనే సఫ్‌లో నిలబడి నమాజు చేసే ఒక సోదరుడు ఉన్నారు. ఆయనకు పంక్చర్లు వేసే చిన్న దుకాణం. ఆయన కుమార్తెకు ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. కౌన్సెలింగులో కన్వీనరు కోటాలో సీటు కూడా వచ్చింది. అయితే ఆ కళాశాల దూరం. ఇంతలో ఒక మధ్యవర్తి వచ్చి, "దగ్గర్లోనే కళాశాల ఉంది, నేరుగా చేర్పిస్తాను, బస్సు ఇంటి ముందుకే వస్తుంది, స్కాలర్‌షిప్ సంగతి తరువాత చూసుకోవచ్చు" అన్నాడు. ఆడపిల్ల ఇంటికి దగ్గరగా ఉంటుందని తండ్రి సంతోషించాడు. కౌన్సెలింగు సీటు వదులుకున్నారు. అమ్మాయి చేరింది యాజమాన్య కోటాలో. ఆ తేడా ఏమిటో ఆ తండ్రికి తెలియదు. తరగతి గది ఒకటే, పాఠం ఒకటే, పరీక్ష ఒకటే. కానీ ప్రభుత్వ ఫీజు చెల్లింపు కన్వీనరు కోటాకే వర్తిస్తుంది. మొదటి సంవత్సరం అప్పు చేసి కట్టాడు. రెండో సంవత్సరం కట్టలేకపోయాడు. ఆ అమ్మాయి ఇప్పుడు ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నది. గౌరవమైన పనే. కానీ అది ఆమె కోరుకున్న పని కాదు.

సంవత్సరాల తరబడి ఆ సోదరుడి భుజానికి భుజం తగిలించి నిలబడిన నేను, "మీ అమ్మాయి ఇంటరు ఎప్పుడు పూర్తవుతుంది?" అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే ఈ సంగతి చెప్పడానికి అయిదు నిమిషాలు పట్టేది. నాకు తెలిసింది నా దగ్గరే ఉండిపోయింది. ఆ బాధే నన్ను ఈ రోజు ఇక్కడ నిలబెట్టింది.

సోదరులారా! ఇది ఒక ఇంటి కథ కాదు. 2005లో అప్పటి కేంద్ర ప్రభుత్వం జస్టిస్ రాజేందర్ సచార్ అధ్యక్షతన ఒక ఉన్నతస్థాయి కమిటీని నియమించింది. 2006 నవంబరులో ఆ కమిటీ ఇచ్చిన నివేదిక మన ముఖానికి అద్దం పట్టింది. 2001 జనగణన ప్రకారం దేశ అక్షరాస్యత 65.1 శాతం ఉంటే ముస్లింల అక్షరాస్యత 59.1 శాతం. ఇరవై ఏళ్లు దాటినవారిలో పట్టభద్రులు, డిప్లొమా ఉన్నవారు దేశం మొత్తం మీద సుమారు 7 శాతం. మనలో 4 శాతం కంటే తక్కువ. అంటే బడి దగ్గర కనిపించే తేడా కళాశాల గుమ్మం దగ్గరకు వచ్చేసరికి ఇంకా పెద్దదవుతున్నది. ఆ గుమ్మం దగ్గర ఏం జరుగుతున్నదో చూడటమే మన పని.

విద్యార్థి వేతనం పొందడమంటే చేయి చాచడమని కొందరు పెద్దలు అనుకుంటారు. ఈ నేలకు విద్యార్థి వేతనం కొత్త కాదు. 1895లో సరోజినీ నాయుడు ఇంగ్లండుకు వెళ్లి చదువుకున్నది హైదరాబాద్ నిజాం ఇచ్చిన విద్యార్థి వేతనంతోనే. ప్రతిభ ఉన్న బిడ్డకు ప్రభుత్వం దారి చూపడం ఆనాడే ఇక్కడ ఉన్న సంప్రదాయం. ఈనాడు మనం కట్టే పన్నుల నుంచి నడిచే పథకాలలో మన వాటా అడగడం భిక్ష కాదు, హక్కు.

ఇక పనిలోకి వద్దాం. వరుసగా చెబుతాను. దయచేసి ఒక కాగితం మీద రాసుకోండి.

మొదటి పని: మొత్తం ఖర్చు లెక్క వేయండి. మనం కళాశాల ఫీజు ఎంత అని మాత్రమే అడుగుతాం. ఫీజుతో పాటు హాస్టలు, బస్సు, పుస్తకాలు, పరీక్ష రుసుము, ప్రయోగశాల రుసుము, ప్రత్యేక రుసుము అని ఎన్నో ఉంటాయి. ఉదాహరణకు ఒక కళాశాలలో సంవత్సరానికి బోధనా రుసుము 90,000 రూపాయలు అనుకుందాం. ప్రభుత్వం భరించే పరిమితి 35,000 అయితే మిగిలిన 55,000 మీ బాధ్యత. దానికి హాస్టలు, బస్సు కలపండి. నాలుగు సంవత్సరాలతో గుణించండి. అప్పుడు వచ్చే అంకె మీ అసలు అవసరం. ప్రభుత్వం ఎంత భరిస్తుందనేది కోర్సును బట్టి, ర్యాంకును బట్టి మారుతుంది. కాబట్టి ఐచ్ఛికాలు పెట్టుకునే ముందే ప్రతి కళాశాల ఫీజు చూసి, "నా బిడ్డకు ప్రభుత్వం ఎంత చెల్లిస్తుంది, నేను ఎంత చెల్లించాలి?" అని అడగండి. కళాశాల పేరు చూసి కాకుండా ఈ అంకె చూసి ఐచ్ఛికాల వరుస నిర్ణయించుకున్న కుటుంబం మధ్యలో ఆగిపోదు.

రెండో పని: పేరు. మీకు చిన్న విషయంలా అనిపించవచ్చు. మన పిల్లల దరఖాస్తులు ఇక్కడే ఎక్కువగా చిక్కుకుంటాయి. పదో తరగతి మెమోలో 'షేక్' అని పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో 'ఎస్.కె.' అని ఉంటుంది. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు చివరకు వెళుతుంది. ఒకచోట 'మహమ్మద్', ఇంకొకచోట 'ఎండీ'. మనకు అందరూ ఒకే మనిషి. కంప్యూటరుకు నలుగురు మనుషులు. పదో తరగతి మెమోలో ఉన్న పేరును ప్రమాణంగా తీసుకుని, ఆధార్‌ను, బ్యాంకు ఖాతాను దానికి సరిచేయించండి. విద్యార్థి పేరు మీద ఖాతా తెరిచి, దానికి ఆధార్ అనుసంధానం జరిగిందో లేదో బ్యాంకులో అడిగి నిర్ధారించుకోండి. ఈ పని ఇంటరు మొదటి సంవత్సరంలోనే చేయాలి. ఫలితాలు వచ్చాక అన్ని కేంద్రాల ముందూ వరుసలే ఉంటాయి.

మూడో పని: ధ్రువపత్రాలు. ఇక్కడ రెండు విషయాలు కలిపేసి చాలామంది పొరబడుతున్నారు. సీటులో రిజర్వేషను వేరు, ఫీజు సహాయం వేరు.

రిజర్వేషను సంగతి చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వచ్చిన చట్టం వెనుకబడిన 14 ముస్లిం వర్గాలను బీసీ-ఇ కింద చేర్చి 4 శాతం రిజర్వేషను కల్పించింది. 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసినా, అదే సంవత్సరం మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతూ వచ్చింది. అయితే సయ్యద్, ముషాయిఖ్, మొగల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్చీ మెమన్, జమాయత్, నవాయత్ వర్గాలు బీసీ-ఇలో లేవు. దూదేకుల, నూర్‌బాషా సోదరులు బీసీ-బిలో ఉన్నారు. కాబట్టి "ముస్లింలు అంటే బీసీ-ఇ" అని దరఖాస్తులో కళ్లు మూసుకుని రాయకండి. బీసీ జాబితాలో లేని కుటుంబాలకు 2019లో 103వ రాజ్యాంగ సవరణతో వచ్చిన ఆర్థికంగా వెనుకబడిన వర్గాల 10 శాతం రిజర్వేషను ఉంది. దానికి కుటుంబ ఆదాయ పరిమితి 8 లక్షల రూపాయలు. మతం అడ్డు కాదు. ఇంకొక జాగ్రత్త. రాష్ట్ర బీసీ జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు. ఐఐటీ, ఎన్‌ఐటీ వంటి కేంద్ర సంస్థలకు దరఖాస్తు చేసేటప్పుడు మీ వర్గం కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసిన తరువాతే గడి నింపండి.

ఇక ఫీజు సహాయానికి వస్తే, బీసీ-ఇలో ఉన్నా లేకున్నా ముస్లిం విద్యార్థి మైనారిటీ విద్యార్థే. ఆదాయ పరిమితికి లోబడి మైనారిటీ సంక్షేమ శాఖ ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు. తెలంగాణలో ఆ పరిమితి గ్రామీణ ప్రాంతాలలో సంవత్సరానికి 1,50,000, పట్టణాలలో 2,00,000 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో జగనన్న విద్యా దీవెన కాలంలో దాన్ని 2,50,000గా నిర్ణయించారు. మనది సరిహద్దు జిల్లా. బంధువులు అటు ఎన్టీఆర్, ఏలూరు జిల్లాలలోనూ ఉంటారు. అక్కడివారు చెప్పిన నియమాలను ఇక్కడ, ఇక్కడి నియమాలను అక్కడ వర్తింపజేసుకుని నష్టపోకండి. తెలంగాణలో ఈపాస్, ఆంధ్రలో జ్ఞానభూమి. ఆదాయ ధ్రువపత్రం పాతదైతే పనికిరాదు. ప్రవేశాలకు ముందే మీసేవలో గానీ సచివాలయంలో గానీ కొత్తది తీసుకోండి.

నాలుగో పని: ప్రవేశం ఏ దారిలో పొందుతున్నారో చూసుకోండి. ఇందాక చెప్పిన అమ్మాయి నష్టపోయింది ఇక్కడే. ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలల్లో 70 శాతం సీట్లు కన్వీనరు కోటా, 30 శాతం యాజమాన్య కోటా. యాజమాన్య కోటాలోగానీ, చివరిలో కళాశాలలే నేరుగా నింపుకునే స్పాట్ ప్రవేశాలలోగానీ చేరితే ఫీజు చెల్లింపు రాదు. దూరవిద్యకు రాదు. మైనారిటీ కళాశాల అన్న పేరు చూసి అక్కడ ఏ సీటుకైనా సహాయం వస్తుందని అనుకోకండి. కోటా ఏదో అక్కడ కూడా అడగాలి. ఎవరైనా "సంతకం పెట్టండి, మిగతాది మేము చూసుకుంటాం" అంటే, "ఇది ఏ కోటా? కాగితం మీద రాసి ఇవ్వండి" అని అడగండి. అలా రాసి ఇవ్వనివాడి మాట నమ్మవద్దు.

చేరిన తరువాత కూడా బాధ్యత ఉంది. హాజరు 75 శాతం ఉండాలి. ప్రతి సంవత్సరం రెన్యువల్ చేయాలి. మొదటి సంవత్సరం వచ్చింది కాబట్టి రెండో సంవత్సరం దానంతట అదే వస్తుందనుకుని ఊరుకున్న పిల్లలు ఎందరో. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టడంతో పని పూర్తికాదు. వేలిముద్ర ధ్రువీకరణ జరగాలి, పత్రాల ప్రతులు కళాశాలలో ఇవ్వాలి, కళాశాల దాన్ని పైకి పంపాలి. ఈ మెట్లలో ఎక్కడ ఆగిందో దరఖాస్తు సంఖ్యతో చూసుకుంటూ ఉండాలి.

ఇప్పుడు ఒక చేదు నిజం. అన్నీ సక్రమంగా చేసినా డబ్బు సమయానికి రాదు. రెండు రాష్ట్రాలలోనూ ఫీజు బకాయిలు వేల కోట్లకు చేరడం, కళాశాలలు ఆందోళనకు దిగడం మనం పత్రికలలో చదువుతూనే ఉన్నాం. ప్రభుత్వం ఇవ్వలేదని యాజమాన్యం విద్యార్థి మీద ఒత్తిడి తెస్తుంది. చదువు పూర్తయిన బిడ్డకు "ముందు ఫీజు కట్టు, తరువాత సర్టిఫికెట్ తీసుకో" అంటారు. ఉద్యోగం వచ్చి, చేరే తేదీ దగ్గరపడి, ఒరిజినల్ పత్రాల కోసం బంగారం తాకట్టు పెట్టిన తల్లులను నేను ఎరుగుదును. ఇది అన్యాయం. విద్యార్థుల అసలు ధ్రువపత్రాలను విద్యాసంస్థలు తమ దగ్గర అట్టిపెట్టుకోరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో స్పష్టంగా చెప్పింది. ఆ మాట చెప్పి లిఖితపూర్వకంగా అడగండి. విశ్వవిద్యాలయానికి, జిల్లా మైనారిటీ సంక్షేమ అధికారికి ప్రతులు పంపండి. దరఖాస్తు ఏ దశలో ఆగిందో ఎవరూ చెప్పకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. సాధారణంగా పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజులలో సమాధానం ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఆ రుసుము కూడా లేదు. ఇక్కడున్న యువ కార్యకర్తలకు నా మనవి: ఊరేగింపు ఒక్కరోజు వార్త అవుతుంది. పద్ధతిగా వేసిన యాభై సమాచార హక్కు దరఖాస్తులు ఒక కార్యాలయాన్ని కదిలిస్తాయి.

అయిదో పని: కేంద్ర పథకాలను ఉన్నవి ఉన్నట్లుగా తెలుసుకోండి. సచార్ నివేదిక తరువాత మైనారిటీ విద్యార్థుల కోసం ప్రీ-మెట్రిక్, పోస్ట్-మెట్రిక్, మెరిట్-కమ్-మీన్స్ పథకాలు వచ్చాయి. పరిశోధకులకు మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్, విదేశీ విద్య రుణంపై వడ్డీ భారం తగ్గించే 'పఢో పర్‌దేశ్' ఉండేవి. చివరి రెండింటిని 2022లో నిలిపివేశారు. మొదటి మూడింటికి 2021-22 తరువాత కొనసాగింపు లేకుండా పోయింది. ఈ పథకాలు మనకు ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. ఒక ప్రభుత్వ కమిటీయే లెక్కలతో నిరూపించిన వెనుకబాటుకు సమాధానంగా వచ్చినవి. వెనుకబాటు తీరకముందే సమాధానాన్ని వెనక్కి తీసుకోవడం గురించి మన ఎంపీలను, ఎమ్మెల్యేలను అడుగుతూనే ఉండాలి. అదే సమయంలో, లేని పథకాన్ని నమ్ముకుని ఇంటి బడ్జెటు వేసుకోకూడదు.

ఇక్కడ మన అలవాటు ఒకటి మారాలి. 'మైనారిటీ' అని బోర్డు ఉన్న తలుపులనే మనం తడుతున్నాం. అందరికీ తెరిచి ఉన్న తలుపుల వైపు చూడటం లేదు. ఇంటరులో మార్కుల ప్రకారం తమ బోర్డులో పై 20 శాతంలో నిలిచి, కుటుంబ ఆదాయం 4,50,000 లోపు ఉన్న ఏ విద్యార్థి అయినా కేంద్ర విద్యాశాఖ వారి స్కాలర్‌షిప్‌కు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయవచ్చు. ఎంపికైతే డిగ్రీలో సంవత్సరానికి 12,000 రూపాయలు. సాంకేతిక కోర్సులలో చేరిన అమ్మాయిల కోసం ఏఐసీటీఈ నడిపే 'ప్రగతి' స్కాలర్‌షిప్ సంవత్సరానికి 50,000 రూపాయలు. కుటుంబ ఆదాయం 8,00,000 లోపు ఉండాలి. ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిలకు కూడా ఇస్తారు. డిప్లొమా చదివేవారికీ వర్తిస్తుంది. అయితే ఒక సహాయం పొందుతూ ఇంకొకటి తీసుకోరాదన్న నియమాలు ఉంటాయి. ఏది ఎక్కువ మేలో లెక్క వేసి ఎంచుకోవాలి. మన అమ్మాయిలలో ఎందరు 'ప్రగతి' పేరు విన్నారు? చేతులు ఎత్తమని అడగను. మీ ముఖాలే చెబుతున్నాయి.

ఆరో విషయం సున్నితమైనది. బ్యాంకు రుణం. ఈ సభలో ప్రతి తండ్రి మనసులో ఉన్న ప్రశ్న నాకు తెలుసు. వడ్డీ ఇస్లాంలో నిషిద్ధం. నేను ముఫ్తీని కాను, ఫత్వా ఇవ్వను. మీ పరిస్థితి మొత్తం చెప్పి మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి. నేను గణితం మాస్టారిని కాబట్టి లెక్క మాత్రం చెబుతాను.

నాలుగేళ్ల కోర్సుకు ఏటా లక్ష చొప్పున నాలుగు లక్షలు, పది శాతం సాధారణ వడ్డీకి తీసుకున్నారనుకోండి. చదువు ముగిసిన తరువాత ఒక సంవత్సరం వరకు వాయిదాలు మొదలు కావు. ఆ అయిదేళ్లలో మొదటి లక్ష మీద 50,000, రెండో దాని మీద 40,000, తరువాత 30,000, 20,000. మొత్తం 1,40,000 రూపాయల వడ్డీ, ఒక్క వాయిదా కట్టకముందే! కుటుంబ ఆదాయం 4,50,000 లోపు ఉండి, వృత్తివిద్యా, సాంకేతిక కోర్సులలో గుర్తింపు ప్రమాణాలున్న సంస్థలో చేరితే ఈ కాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపికైన ఉన్నత సంస్థలలో చేరినవారికి ఆస్తి తాకట్టు లేకుండా, జామీను లేకుండా రుణం ఇస్తారు. జాతీయ మైనారిటీల అభివృద్ధి, ఆర్థిక సంస్థ రాష్ట్ర సంస్థల ద్వారా తక్కువ వడ్డీకి విద్యా రుణాలు ఇస్తుంది. మన జిల్లాలో ఆ అవకాశం ఉందో లేదో మైనారిటీ ఆర్థిక సంస్థ కార్యాలయంలో అడగాలి. ఈ సంగతులు తెలియక, బ్యాంకు వడ్డీ హరామ్ అని వెనక్కి తగ్గిన తండ్రి, ఫీజు గడువు నాటి సాయంత్రం నూటికి మూడు రూపాయల నెల వడ్డీకి ప్రైవేటు ఫైనాన్సు దగ్గర అప్పు చేయడం నేను చూశాను. అది సంవత్సరానికి 36 శాతం. ఏ వడ్డీ నుంచి తప్పించుకోవాలని ఆయన బయలుదేరాడో, దానికి మూడింతలకు పైగా వడ్డీలో చిక్కుకున్నాడు.

ఆ తండ్రిని తప్పు పట్టే ముందు మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. వడ్డీ వద్దని ప్రతి జుమాకు వింటున్నాం. వడ్డీ లేని దారి ఒక్కటైనా ఆ సాయంత్రానికి ఆయన ముందు తెరిచి ఉంచామా? ఖర్జె హసనా అన్న మాట మన ధర్మంలో ఉంది, మన మొహల్లాలో ఉందా?

ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంకు 1980లలో ముస్లిమేతర దేశాల ముస్లిం విద్యార్థుల కోసం ప్రారంభించిన స్కాలర్‌షిప్ పథకంలో ఒక మంచి పద్ధతి ఉంది. విద్యార్థికి ఇచ్చేది వడ్డీ లేని ఖర్జ్. చదువు పూర్తయి సంపాదన మొదలయ్యాక అతడు తిరిగి చెల్లించే సొమ్ము బ్యాంకుకు కాదు, తన సముదాయంలోని ట్రస్టుకు వెళుతుంది. దానితో తరువాతి విద్యార్థి చదువుతాడు. మన ఊరిలో దీన్ని చిన్న స్థాయిలో చేయలేమా?

లెక్క చూడండి. జకాత్ నూటికి రెండున్నర. పది లక్షల రూపాయల మీద జకాత్ 25,000. అలాంటి ఇరవై కుటుంబాలు ఒక మస్జిద్ పరిధిలో ఉంటే 5,00,000. ఈ డబ్బు ఇప్పుడూ ఇస్తున్నాం. రమజాన్‌లో తలుపు తట్టినవారికి అయిదు వందలు, వెయ్యి చొప్పున పంచేస్తున్నాం. ఆకలి తీర్చడం కూడా పుణ్యమే, దాన్ని ఆపమని అనను. కానీ ఫీజు గడువు వచ్చేది వేసవి తరువాత. రమజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. జూలైలో ఒక పేద విద్యార్థి వచ్చేసరికి మన చేతులు ఖాళీ. తరువాతి సంవత్సరపు జకాత్‌ను ముందుగానే చెల్లించవచ్చని చాలామంది ఉలమా చెబుతారు. అర్హుడైన పేద విద్యార్థికి జకాత్ ఇవ్వవచ్చనీ చెబుతారు. ఇమామ్ సాహెబ్ ఈ విషయం ఒక జుమా ప్రసంగంలో వివరించాలని నా వినతి.

ఇక్కడ ఒక వర్గాన్ని మరచిపోకండి. పేద సయ్యద్ కుటుంబాలు. వారికి బీసీ-ఇ లేదు. సయ్యద్‌లకు జకాత్ ఇవ్వరాదన్నది అధికశాతం ఉలమా అభిప్రాయం. అభిమానం అడ్డొచ్చి వారు నోరు తెరిచి అడగరు. అందుకే జకాత్ నిధి వేరుగా, సదఖా, విరాళాలతో ఖర్జె హసనా నిధి వేరుగా ఉండాలి. లెక్కలు వేరు వేరు పుస్తకాలలో ఉండాలి. సహాయం పొందిన పిల్లల పేర్లు ఎక్కడా ప్రకటించకూడదు, ఫోటోలు తీయకూడదు.

కమిటీ పెద్దలకు నా ప్రతిపాదనలు మూడు. ఒకటి, మన మస్జిద్ పరిధిలో ఇంటరు చదువుతున్న ప్రతి అబ్బాయి, అమ్మాయి పేరు ఒక పుస్తకంలో రాయాలి. రెండు, జనవరి నుంచి ప్రతి ఆదివారం జుహ్ర్ తరువాత ఇద్దరు చదువుకున్న యువకులు, ఇద్దరు యువతులు కూర్చుని పేర్లు, ఆధార్, బ్యాంకు ఖాతా, ధ్రువపత్రాలు సరిచూడాలి. మూడు, ఐచ్ఛికాలు పెట్టే వారంలో ఎవరూ ఒంటరిగా మధ్యవర్తి దగ్గరకు వెళ్లే అవసరం రాకూడదు. వీటికి పెద్ద డబ్బు అక్కర్లేదు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక కంప్యూటరు చాలు.

తల్లులకు ఒక్క మాట. ఖర్చు తగ్గించుకోవలసి వచ్చినప్పుడు మొదట ఆగేది అమ్మాయి చదువే. "అబ్బాయికి అప్పు చేద్దాం, అమ్మాయికి ఇంటరు చాలు" అనే మాట మన ఇళ్లలో వినిపిస్తుంది. విద్యను ఆర్జించడం మన ధర్మం స్త్రీ పురుషులిద్దరికీ విధి చేసింది. సహాయాలలో అమ్మాయిలకే అవకాశం ఎక్కువగా ఉన్న రోజులివి. ఆగేముందు లెక్క చూడండి.

పిల్లలూ! సహాయం పొందటం చిన్నతనం కాదు. పొందిన తరువాత మరచిపోవడం చిన్నతనం. ఈ రోజు మీ దరఖాస్తు నింపడం నేర్చుకోండి. వచ్చే ఏడాది మీ పక్కింటి తమ్ముడిది, చెల్లెలిది మీరు నింపాలి.

ఇక్కడికి వచ్చేముందు నేను ఆ పంక్చరు దుకాణానికి వెళ్లాను. ఆయన చిన్న కుమార్తె ఈ సంవత్సరం ఇంటరు రెండో సంవత్సరంలోకి వచ్చింది. ఆ అమ్మాయి పదో తరగతి మెమోలో ఒక పేరు, ఆధార్‌లో మరో పేరు ఉన్నాయి. వచ్చే సోమవారం మేమిద్దరం కలిసి ఆధార్ కేంద్రానికి వెళుతున్నాం. అక్కకు అందని సమాచారం చెల్లెలికి అందాలి. మీలో ప్రతి ఒక్కరూ మీ సఫ్‌లో పక్కన నిలబడే మనిషిని ఈ రోజు అస్ర్ నమాజు తరువాత ఒక్క ప్రశ్న అడగండి: "భాయ్, మీ పిల్లలు ఏం చదువుతున్నారు?"

అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, మనకు వారి భారం మోసే శక్తిని, ఒకరికొకరు తోడుగా నిలిచే మనసును ప్రసాదించుగాక! ఆమీన్.

వస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహ్.